ఏడో ముద్ద

ఈ వేసవిలో ఆవకాయకని మూకుట్లో మెంతులు వేయిస్తుంటే, అవి ఎర్రబడి చేదు వాసన లేచే వేళకి మా కోడలు వచ్చి "అత్తయ్యా, మాడిపోతున్నాయి" అని గరిటె లాక్కుంది. అవేమీ మాడలేదు. నేనే అక్కడ లేను. నలభై ఏళ్ళు దాటిపోయినా ఆ వాసన తగిలితే చాలు, కాకినాడ వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే కువైట్లో, ఫింటాస్‌లో, మేమున్న బిల్డింగు వెనక గదిలోకి పోయి నిలబడతాను. అక్కడ బాలింత కోసం పాలల్లో మెంతులు ఉడుకుతుంటాయి, కిటికీకి బిగించిన పాత ఏసీ గుర్రుమంటూ కింద పెట్టిన డబ్బాలోకి బొట్లుబొట్లుగా నీళ్ళు కారుస్తుంటుంది, మంచం మీద పసుపు ముద్దలా ఉన్న పసివాడు పాలు తాగకుండా కళ్ళు మూసుకుని పడుంటాడు. వాసనతో పాటు ఆనాటి భయం కూడా లేస్తుంది. ఇంత వయసు వచ్చాక కూడా అది తగ్గలేదు.

మాది కోనసీమ. నాన్న సబ్హాన్‌లో ఒక షెడ్డులో పంపుల మెకానిక్కుగా చేసేవాడు, వారంలో రెండు మూడు రోజులు వఫ్రా తోటల్లో బోరు మోటార్లు బాగుచెయ్యడానికి పోయి, రెప్పల మీద కూడా ఇసకతో తిరిగొచ్చేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది, దుమ్ము లేచిన రోజు వీధి చివరున్న సముద్రం కూడా కనపడేది కాదు, బడి నుంచి వచ్చాక పళ్ళ మధ్య కరకరలాడేది. అయినా మాకేం తక్కువైందని కాదు. వినాయక చవితికి అమ్మ ఉండ్రాళ్ళు చేస్తే మొదటి పళ్ళెం వెనక గదికే వెళ్ళేది, ఆ పళ్ళెం ఖర్జూరాలతోనో పల్చటి జొన్న అట్లతోనో తిరిగొచ్చేది. ఖాళీ పళ్ళెం తిప్పి పంపడం మా ఇంట్లోనూ లేదు, వాళ్ళ ఇంట్లోనూ లేదు.

వెనక గదిలో ఉండేది మా బిల్డింగు కాపలాదారు ఇద్రీస్, సూడాన్ మనిషి. అరబ్బీ పిల్లలు పిలిచినట్టే నేనూ ఆయన్ని అమ్ము అనేదాన్ని, అంటే చిన్నాన్న. ఆయన భార్య ఫాత్మా. ఆమె కానుపుకని ఆరేడు నెలల ముందే సూడాన్ నుంచి వచ్చిన ఆయన తల్లిని అందరం హబోబా అనేవాళ్ళం, నాయనమ్మ అన్నమాట. పొడుగ్గా, ఎండిన తాటిమట్టలా ఉండేది ఆవిడ. కింది పెదవికి నీలం పచ్చబొట్టు, ఒంటి మీద నేలంతా ఈడ్చుకుపోయే పల్చటి నల్ల అంగీ. ఆ అంచు వెనకాల తన అడుగుల గుర్తులు తుడిచేస్తుంది కాబట్టి పామూ తేలూ జాడ పట్టలేవని ఆవిడ ధీమా. ఫింటాస్‌లో పామెక్కడుందని నేను ఎగతాళి చేస్తే, ఎందుకు లేదో చూశావా మరి, అన్నట్టు ఆ అంచు చూపించేది.

ఆవిడకి అరబ్బీ రాదు. నాకు మొదట్లో అదే వింత, సూడాన్ వాళ్ళంటే అరబ్బీ వాళ్ళే అనుకునేదాన్ని. ఆవిడ మాట్లాడేది నోబీన్. నైలు నది ఒడ్డున, ఈజిప్టుకీ సూడాన్‌కీ సరిహద్దు పడ్డ చోట, అటూ ఇటూ ఉండే నూబియా వాళ్ళ భాష. పెద్దయ్యాక లైబ్రరీలో కూర్చుని చదివితే తెలిసింది, అరబ్బీతో దీనికి చుట్టరికమే లేదట, పండితులు నైలో-సహారన్ అని పేరు పెట్టిన ఆఫ్రికా భాషల పెద్ద కుటుంబంలోదట, దీని దాయాదులు ఎక్కడో కొండల్లో, ఎడారుల్లో చెదిరిపోయి ఉన్నాయట, వెయ్యేళ్ళ కిందట సొంత లిపిలో పుస్తకాలు రాసుకున్నవాళ్ళు తర్వాత ఆ రాత మర్చిపోయారట. అప్పుడు నాకివేం తెలుసు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మెట్ల కింద చల్లటి గచ్చు మీద ఆవిడా నేనూ అచ్చనగాయలు ఆడేవాళ్ళం. మా అమ్మమ్మ ఎలా ఆడేదో ఆవిడా అలాగే, రాయి ఎగరేసి మిగతావి ఊడ్చి పట్టేది, వేళ్ళు మాత్రం ఇంకా పొడుగు. పట్టినప్పుడల్లా లెక్క: వేర్, ఉవ్వో, తుస్కో, కెమ్సో, దిజా, గొర్జో, కొలొద్. ఒకటి నుంచి ఏడు. తప్పుడు స్వరంలో పలికితే రాళ్ళు లాగేసుకునేది, ఎందుకంటే ఆ భాషలో గొంతు పైకి లేపామా కిందికి దించామా అన్నదానికి కూడా అర్థం ఉంది. మాటల వరస మాత్రం మన తెలుగులాగే ఉండేది, పని చివర్న వచ్చేది, అందుకే కాబోలు బడిలో ఇంగ్లీషు కంటే ఇదే త్వరగా పట్టుబడింది.

అమన్ అంటే నీళ్ళు. నది కూడా అమనే, వాళ్ళకి నీళ్ళంటే నది తప్ప ఇంకోటి లేదు. ఆ నదిలో మనుషులుంటారని, వాళ్ళని అమన్ నుత్తో అంటారని, బిడ్డ పుట్టిన ఏడో నాడు ఆడవాళ్ళు ఒడ్డుకి తీసుకుపోయి వాళ్ళకి చూపించి, మొహం కడిగి, ఏడు ముద్దల పిండి నదిలో వేస్తేనే ఆ బిడ్డ ఇక్కడివాడని వాళ్ళు ఒప్పుకుంటారని హబోబా చెప్పేది. తర్వాత దిగువన పెద్ద ఆనకట్ట కట్టారు. నీళ్ళు వెనక్కి ఎగదన్ని వాళ్ళ ఊరూ, గోడలకి పింగాణీ పళ్ళేలు పొదిగిన ఇళ్ళూ, ఖర్జూర తోటలూ మునిగిపోయాయి. వాళ్ళని రైలెక్కించి నైలు కనపడని దూరంలో, గీత గీసినట్టు కట్టిన కాలనీల్లో దించారు. బయల్దేరే ముందు ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి వెళ్ళి తలాపున ఉండే మట్టి మూకుళ్ళలో చివరిసారి నీళ్ళు నింపి వచ్చారట. ఇంకొన్నాళ్ళకి సమాధుల మీదే నది పారింది. ఇది చెప్పేటప్పుడు ఆవిడ ఏడ్చేది కాదు, అచ్చనగాయలు మాత్రం పక్కన పెట్టేసేది.

ఇద్రీస్ ముందు మేమిద్దరం ఆ భాష మాట్లాడేవాళ్ళం కాదు. ఆయనకి పడేది కాదు, తల్లి ఆ భాషలో ఏమన్నా ఆయన జవాబు అరబ్బీలోనే, ఫాత్మా ఆవిడకి అర్థం చెప్పేది. చిన్నప్పుడు బడిలో ఎవరు నోబీన్ మాట్లాడితే వాళ్ళ మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట, అది పిల్లల మధ్య చేతులు మారుతూ పోయి సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. "ఇది భాష కాదు, రుతానా. ముసలమ్మల గొణుగుడు. నా ఇంట్లో పిల్లలు అరబ్బీ మాట్లాడతారు, మనుషుల్లా బతుకుతారు" అనేవాడు. మంచివాడే. మెట్ల మీద పడి నా మోకాలు పగిలితే రెండంతస్తులు మోసుకొచ్చి దించినవాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన మొహం చూడాలంటే భయమేసేది.

ఆ ఏడాది రంజాన్ వెళ్ళిన నెలకి ఫాత్మాకి మగపిల్లాడు పుట్టాడు. అంతకు ముందు ఆ కొత్త కాలనీలో పుట్టిన ఇద్దరూ నలభై రోజులు నిండకుండానే పోయారు. నదికి చూపించలేదు గనకే పోయారని హబోబా నమ్మకం. ఆ కాలనీలో కాలవ ఉందిగా అంటే, కాలవలో ఎవరుంటారు, మొన్న తవ్విందేగా, అనేది. ఈ మూడోవాడు కూడా మూడో రోజుకే పచ్చబడ్డాడు, రొమ్ము నోట పెడితే నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోయేవాడు. క్లినిక్కులో కామెర్లన్నారు, ఎండ చూపించమన్నారు, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. ఏడో రోజు దగ్గర పడుతోంది. ఫింటాస్‌లో సముద్రం ఉంది గాని ఉప్పునీళ్ళ వాళ్ళతో మాకు పరిచయం లేదంది హబోబా. కుళాయిలో వచ్చేదీ ఆ సముద్రాన్నే మరగబెట్టి తీసిన నీళ్ళు. ఇద్రీస్‌తో అంటే, మళ్ళీ ఆ మాటెత్తితే టిక్కెట్టు కొని వెనక్కి పంపేస్తానన్నాడు.

మా ఇంట్లో ఒక నది ఉంది. పుష్కరాలకి మేం ఊరెళ్ళినప్పుడు అమ్మ రాజమండ్రిలో రేవు దగ్గర చిన్న రాగిచెంబులో గోదావరి నీళ్ళు పట్టించి, మూత మీద లక్క పోయించి, చీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. అంతకు ముందు ఏడాది వఫ్రా రోడ్డు మీద లారీ తిరగబడి మా పక్క ఊరాయన చనిపోతే, గొంతులో పొయ్యడానికి ఇంటి నీళ్ళు చుక్క లేకపోయిందని నాన్న చెప్పగా విని అమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ చెంబు దేవుడి అరలో ఉండేది. "అది మీ నాన్నకో నాకో. దాని జోలికెళ్ళేవంటే చేతులిరిచేత్తాను" అని నాకు ముందే చెప్పి పెట్టింది. నాన్న వఫ్రా వెళ్ళిన రోజుల్లో అమ్మ ఆ అర వైపు చూస్తూ ఉండటం నాకు తెలుసు. అన్నీ తెలిసే చేశాను.

ఏడో రోజు శుక్రవారం. ఆ పొద్దున అమ్మా నాన్నా బజారుకి వెళ్ళారు. నాకు తలనొప్పని చెప్పి ఉండిపోయాను. బడి పెట్టెలోని వృత్తలేఖిని ముల్లుతో లక్క పెళ్ళగించాను. ముల్లు జారి బొటనవేలిలో దిగింది. సగం నీళ్ళు గ్లాసులో పోసి, మూత బిగించి, వెలిగించిన కొవ్వొత్తి వంచి దాని మీద మైనం కార్చి, దాని మీద కుంకం అద్దాను. దూరం నుంచి చూస్తే లక్కలాగే ఉంది, దగ్గర్నుంచి చూస్తే దొంగతనంలాగే ఉంది. గ్లాసు మీద పళ్ళెం మూసి మెట్లు దిగాను.

హబోబా గ్లాసు అందుకోలేదు. ముందు అడిగింది. ఏ నది? గోదావరి. పారుతుందా? పారుతుంది. మీవాళ్ళు పిల్లల్ని అందులో స్నానం చేయిస్తారా? చేయిస్తారు. "మీ అమ్మ ఇచ్చిందా? నది దగ్గర అడిగి తీసుకోవాలి. ఎత్తుకొచ్చిన నీళ్ళ పాపం తెచ్చినవాళ్ళకి తగలదు, పోసుకున్నవాళ్ళకి తగులుతుంది" అంది, నా కళ్ళలోకి చూస్తూ.

"ఎయ్యో" అన్నాను. అవునని. ఆ భాషలో నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

మగవాళ్ళందరూ జుమా నమాజుకి వెళ్ళిన వేళ, వెనక వాకిట్లో, ఆరేసిన దుప్పట్ల చాటున తప్పేలా పెట్టారు. మా ఊళ్ళో ఏడుగురు ఆడపిల్లలు వచ్చేవారు, ఇక్కడ నువ్వొక్కదానివే ఉన్నావు కాబట్టి ఏడుగురూ నువ్వే, అని పిండి ముద్దలున్న ఆకు నా చేతిలో పెట్టింది హబోబా. ఫాత్మా గోడకి ఆనుకుని కూర్చుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసులో నీళ్ళు పైనుంచి సన్నటి ధారగా, నది పారినట్టు పారించి, పిల్లాడి నుదురు తడిపి, హబోబా ఏదో పాడటం మొదలుపెట్టింది. నేను ముద్ద వెయ్యడం, లెక్క చెప్పడం. వేర్. ఉవ్వో. పిల్లాడు కళ్ళు తెరవలేదు. తుస్కో. కెమ్సో. దిజా. గొర్జో అంటుండగా దుప్పటి పక్కకి జరిగింది. ఇద్రీస్.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఖలాస్ యమ్మా, చాలు" అన్నాడు తల్లితో, అరబ్బీలోనే. పిల్లాణ్ణి ఎత్తుకుని తువ్వాలుతో నుదురు పొడిగా తుడిచేశాడు. నా వైపు తిరిగి, "నువ్వు చదువుకునే పిల్లవి. ఈ చెత్త నీకెందుకు? నేను దీన్ని వదిలించుకోవడానికి ఎన్ని దెబ్బలు తిన్నానో తెలుసా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువుంది. ఏడో ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. దాన్నేం చెయ్యాలో తెలియక పిడికిట్లో పెట్టుకుని పైకి వచ్చేశాను, సాయంత్రానికి గట్టిపడి వేళ్ళకి అంటుకుపోయింది.

తర్వాత రెండు రోజులు నేను బతికిన తీరు పగవాళ్ళకి కూడా వద్దు. ముద్ద తక్కువైంది, నీళ్ళు దొంగవి, అబద్ధం నాది. కింద పిల్లాడి ఏడుపు వినిపిస్తుందేమోనని మెట్ల దగ్గర చెవి పెట్టి నిలబడేదాన్ని, అది పూటపూటకీ సన్నగిల్లుతోంది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడల్లా మైనం కరిగి కారుతుందేమోనని వెనకే నిలబడి చూసేదాన్ని. నేనే ఆ పిల్లాణ్ణి చంపుతున్నానని పదేళ్ళ దాన్ని నిజంగానే నమ్మాను.

మూడో రోజు ఉదయం నాన్న సబ్హాన్ వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటుండగా తలుపు చప్పుడైంది. హబోబా. కానుపు చూడటానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ మా మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. రొప్పుతోంది. లోపలికొచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, అమ్మ రెండు చేతులూ పట్టుకుని గబగబా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాక అమ్మ నా వైపు చూసింది.

"ఏవంటందే? సరిగ్గా చెప్పు" అంది.

ఆవిడ అన్నది ఇది: పిల్లాడు రాత్రి నుంచి పాలు ముట్టలేదు. నీ నది వాణ్ణి ఒప్పుకోలేదు. ఒక్కటి అడుగుతాను, ఆ నీళ్ళు నువ్వు మనసారా ఇచ్చావా? ఆ గదిలో ఈ రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఏం చెప్పినా చెల్లుతుంది. ఖర్జూరాలు బావున్నాయా అని అడుగుతోందనొచ్చు. అమ్మ అవునని తలూపితే హబోబా ఆ తలూపుడు పట్టుకుని దిగిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"అమ్మా, నీ చెంబులో నీళ్ళు తీసేను. పిల్లాడికి పోసేం. నువ్విచ్చేవని చెప్పేను. ఇచ్చేవా అని అడుగుతోంది" అన్నాను.

అమ్మ దేవుడి అర దగ్గరికి వెళ్ళింది. చెంబు తీసి మైనం మీద గోరు పెట్టి చూసింది. తిరిగొచ్చి నా చెంప మీద కొట్టింది. అలాంటి దెబ్బ అంతకు ముందూ తినలేదు, ఆ తర్వాతా తినలేదు. హబోబాకి నేనిక ఏదీ మార్చి చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ మా అమ్మ చేతులు వదిలేసి గుమ్మం పట్టుకుంది, ఆ పొడుగాటి మనిషి కుంచించుకుపోయినట్టయింది.

అమ్మ చెంబు ఊపి చూసింది. "ఇంకా ఉన్నాయి" అంది, ఎవరితోనో తెలియదు. తర్వాత నాతో, "సగం గోదారి ఇచ్చొచ్చేవేంటే? ఇత్తే నిండా ఇవ్వాలి గానీ. పద. ఏవండీ, కారు తియ్యండి. ముందు నీళ్ళు పోసి, ఆ పిల్లోణ్ణి ఆసుపత్రికి అట్టుకెళ్దాం" అంది. నాన్న అర వైపు ఒకసారి చూశాడు, అమ్మ వైపు చూశాడు, తాళాలు తీసుకున్నాడు.

వెనక వాకిట్లో అమ్మ తనే మూత పెరికి, మిగిలిన నీళ్ళన్నీ పిల్లాడి నుదుటి మీద ధారగా పోసింది. మధ్యలో చెంబు వెనక్కి వంగలేదు. ఆఖరి చుక్క పడ్డాక అమ్మ మొహం చూశాను, అందులో భయం ఉంది, వఫ్రా రోడ్డు ఉంది. అయినా చెంబు బోర్లించి దులిపింది. హబోబా పాడుతూ ముద్దలు నాకందించింది, నేను ఆరు దాకా లెక్కపెట్టాను. ఏడోది చేతిలోకి రాగానే ఆగిపోయాను, మొన్న ఆగిపోయిందీ అక్కడే. ఇద్రీస్ అప్పటికే బయటికి వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయన్ని పిలవలేదు. ఆయన వంగి ఆ ముద్ద నా చేతిలోంచి తీసుకుని తప్పేలాలో వేసి, "కొలొద్" అన్నాడు. మెల్లిగా, సరైన స్వరంలో.

వెంటనే ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్లాణ్ణి చాలా రోజులు నీలం దీపాల కింద ఉంచారు, రక్తం కూడా మార్చారు. బతికాడు. దేనివల్ల అని నన్నడగకండి, అమ్మనడిగితే డాక్టర్ల వల్ల అనేది, హబోబా నవ్వేది. నూరీ అని పేరు పెట్టారు. తర్వాత సెలవులకి నాన్న మళ్ళీ నీళ్ళు తెస్తానంటే, "అయిపోయిందండి. ఇచ్చేసేక ఇంక దాచుకోడం ఎందుకు" అని అమ్మ వద్దంది. కాని ఆ తర్వాత నాన్న వఫ్రా వెళ్ళిన ప్రతి సాయంత్రం, కారు చప్పుడు వినపడేదాకా, కిటికీ దగ్గర నిలబడేది. నా దొంగతనానికి చెల్లింపు అదేనని నాకు తెలుసు, నేను చెల్లించింది మాత్రం కాదు.

మేం ఎనభైలు ముగియకముందే ఇంటికి వచ్చేశాం. తర్వాత వచ్చిన యుద్ధంలో మిగతావాళ్ళు తలో దిక్కుకీ చెదిరిపోయారు. మా బిల్డింగు ఉన్నచోట ఇప్పుడు అద్దాల మేడ ఉందట, వెనక వాకిళ్ళే ఉండవట. అమ్మ లేదు, నాన్న లేడు. నా మనవడికి తెలుగులో ఇరవై దాటి లెక్క రాదు, ఇంకొకళ్ళ భాష గురించి నేనేం వగచను.

పోయిన చలికాలం ఫోనొచ్చింది. ఫింటాస్‌లో మా కింది వాటాలో ఉండే రాయచోటి వాళ్ళబ్బాయి ఇంకా కువైట్లోనే ఉన్నాడు, అతన్ని పట్టుకుని నా నంబరు సంపాదించాడట నూరీ. నలభై దాటిన మనిషి గొంతు. హబోబా ఎప్పుడో పోయింది, ఫాత్మా పోయింది, ఇద్రీస్ ఆ మధ్యే పోయాడు. తనకి నోబీన్ రాదని, ఇప్పుడు ఎక్కడో రాత్రిబడిలో అక్షరాల నుంచి నేర్చుకుంటున్నానని, తన పిల్లలకి కూడా నేర్పాలనుకుంటున్నానని చెప్పాడు. నా విరిగిపోయిన అరబ్బీతో ఊఁ కొట్టాను. తర్వాత అసలు సంగతి అడిగాడు.

"మా నాన్న ఆ భాష మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. చివరి రోజుల్లో కూడా అరబ్బీయే. మీరు విన్నారా?"

విన్నానని చెప్పాను. ఒక్క మాట. నీ కోసమే అన్నాడని చెప్పాను. ఏం మాటని అడిగితే, కొలొద్ అని చెప్పాను. అతను పలికాడు. స్వరం తప్పింది. నేను మళ్ళీ పలికాను, అతను మళ్ళీ పలికాడు, అలా నాలుగైదు సార్లు, కాకినాడలో నా వంటింట్లో నిలబడి ఒక నూబియా వాడికి వాళ్ళ నాన్న గొంతు నేర్పాను. కుదిరాక అతను ఏడుస్తున్నాడని తెలిసింది, నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు చీదుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టించమన్నాడు. ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా వచ్చాం.

"ఎనిమిది?" అన్నాడు.

మా ఆటకి ఏడు చాలింది, ఆ ముద్దలకీ ఏడే. ఆ పైన ఆవిడ నేర్పలేదు, నేను అడగలేదు. మీ రాత్రిబడిలో చెబుతారులే నాయనా, మీ ఇంట్లోది నా దగ్గర ఇంతే ఉంది, అన్నాను.